స్పైన్ బోర్డు ఆత్మకథ

పటాన్‌చెరు మీదుగా సంగారెడ్డికి సాగు 65వ జాతీయ రహదారిపై తిరుగు 108 అంబులెన్సు వాహనములో, స్ట్రెచరు చెంత బిగింపబడియుండు ప్లాస్టిక్ పలకను నేను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన ఈ సేవలో, విఱిగిన వెన్నులను కదలనీయక మోయుట నా వంతు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో నాపైకి చేరువారిలో కప్పులపైనుండి పడినవారు కలరు. ఎండకు వానకు పెళుసెక్కిన సిమెంటు రేకు, మరమ్మతుకై ఎక్కిన కూలీ పాదముక్రింద పటుక్కున విఱుగును. మడమలపై పడిన వాని దేహభారమంతయు వెన్నుమీదికి ఎగదన్నును. పండ్రెండు ఱొమ్ముపూసలు ముగిసి అయిదు నడుముపూసలు మొదలగు చోట, ప్రక్కటెముకల అండతో బిగువుగానున్న భాగమును స్వేచ్ఛగా వంగు భాగమును కలియుటచేత, దెబ్బ తఱచుగా అచ్చటనే తగులును. పూస ముందంచు మాత్రమే నలిగినచో వెన్నుపామునకు అంతగా భయములేదు. పూస పగిలి తునుక వెనుకకు జరిగెనా, కాళ్ళకు ప్రాణము పంచు నరములే నలిగిపోవును.

నన్ను మిక్కిలి బాధించునది దెబ్బ కాదు, దాని తరువాతి తొందర. తోటి పనివారు, మూలుగు వినలేక, ఒకడు చంకలు, ఒకడు మోకాళ్ళు పట్టి యెత్తి, ఆటోలో కూర్చుండబెట్టుదురు. వారి ప్రేమను శంకింపను. కాని నడుము వంగినంతనే ఆ తునుక మఱింత లోనికి జొరబడవచ్చును. అంతవఱకు కాళ్ళాడించిన మనుష్యుడు ఆసుపత్రి చేరునప్పటికి స్పర్శ యెఱుగకపోవచ్చును.

నన్ను వాడు పద్ధతి వేఱు. ఒకరు తలను నిశ్చలముగా పట్టి లెక్క చెప్పగా, మిగిలినవారు భుజమును, తుంటిని, కాళ్ళను ఒక్కమాఱే త్రిప్పి, దేహమును దూలమువలె ప్రక్కకు దొర్లించి, వీపుక్రిందికి నన్ను జొనుపుదురు. "అన్నా, కాలి బొటనవేలు ఆడించు" అని టెక్నీషియను అడుగును. సిమెంటు ధూళి పట్టిన ఆ వ్రేలివంకనే అందఱి చూపులును. అది ఇసుమంత కదలినను గొప్ప ఆశయే.

నా కాఠిన్యము ప్రయాణమునకే తగును. ఎక్కువసేపు నాపై పరుండినచో చర్మము నలిగి పుండ్లు పడును గావున, ఆసుపత్రిలో నన్ను త్వరగా తొలగింపవలెను. పిమ్మట సీటీ స్కాను ఎముకను, ఎం.ఆర్.ఐ. వెన్నుపామును చూపును. పూస పగులు స్థిరమైనదైనచో నడుమునకు బ్రేసు తొడిగి, సుమారు మూడు నెలలు కాపాడుదురు. అస్థిరమైనచో మీది పూసలలోను క్రింది పూసలలోను టైటానియం స్క్రూలు దింపి కడ్డీలతో బిగింతురు. ఆ శస్త్రచికిత్స నరములపై ఒత్తిడి తొలగించి వెన్నును నిలుపును గాని, చచ్చిన నరమునకు ప్రాణము పోయజాలదు. ఆపరేషను జరిగినను నడువడేమని తల్లడిల్లు భార్యకు ఈ సంగతి మెల్లగా, విడమరచి చెప్పువారు కావలెను. రెండేసి గంటలకు ప్రక్కకు త్రిప్పుట, మూత్రమునకు గొట్టము వాడుట, చక్రాల కుర్చీలోనికి మారుట ఆమెకు నేర్పువారు కావలెను. పనిలో దెబ్బతిని శాశ్వత వైకల్యము పొందిన బీమా గల కార్మికునకు ఇ.ఎస్.ఐ. నెలనెలా భృతి యిచ్చును. కావున, ప్రమాదము జరిగిన నాడే దానిని యజమానిచేత వ్రాతపూర్వకముగా నమోదు చేయింపవలెనని కూడ ఆమెకు ఆనాడే చెప్పవలెను.