పంటెల్లిపోయింది బావా! (టీకా తాత్పర్య సహితం)

మూలం: "పంటెల్లిపోయింది బావా! రేపెల్దూగాని, కూర్చో."

అవతారిక: ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఈ వ్యాఖ్యాతకు అంత నిష్ఠ లేదు. నాయకుడు చాలా ఏళ్లకు హైదరాబాదు నుంచి కోనసీమలో తాను పుట్టి పెరిగిన లంకకు వచ్చాడు. సాయంత్రం నరసాపురంలో రైలు. మధ్యాహ్నమంతా మేనత్త కొడుకూ, పెదనాన్న కొడుకూ అరుగు మీద కూర్చుని "ఏంటండి విశేషాలు?" అంటే, "ఏముంది, మీరే చెప్పాలి" అంటూ కొబ్బరినీళ్లతో కాలక్షేపం చేశారు. నాయకుడు గడియారం చూసి లేవబోగా మేనత్త కొడుకు అన్న మాట ఇది.

ప్రతిపదార్థం: పంటు = సఖినేటిపల్లి రేవు నుంచి మనుషుల్నీ బళ్లనూ వశిష్ఠ దాటించి నరసాపురం చేర్చేది; ఎల్లిపోయింది = ఇంకా వెళ్లలేదు; రేపు = రేపు కాని ఒకానొక రోజు (ధవళేశ్వరం దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి హెచ్చరిక, 17 లక్షలైతే మూడోది; అప్పుడు 'రేపు' అంటే ఏరు తీసిన రోజని లంకల్లో రూఢి); ఎల్దూగాని = వెళ్లనివ్వం; కూర్చో = ముందు చెప్పులు విప్పు.

పాఠాంతరం: "పంటు పాడైపోయింది" అని పెదనాన్న కొడుకు పాఠం. ఇద్దరూ చెబుతుండగానే రేవులోంచి ఇంజను చప్పుడు వినిపించడం చేత రెండూ ప్రక్షిప్తాలే.

అలంకార చర్చ: ముఖ్యార్థం పొసగనప్పుడు లక్షణను ఆశ్రయించాలి. దానికి "గంగలో గొల్లపల్లె" అని శాస్త్రోదాహరణ. ఏట్లో ఊరుండదు కాబట్టి గట్టు మీద అని చెప్పుకోమన్నారు. లంకవాడికి ఆ చిక్కు లేదు, ఏట్లోనే ఊరు. ఇక్కడ పొసగనిది వేరు. పంటు పోయినా చించినాడ వంతెన మీదుగా కారు పోతుంది. ఆ సంగతి అన్నవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. కనుక ఇది ధ్వని.

వ్యాకరణ విశేషం: అప్పటిదాకా 'మీరు', 'అండి' అంటూ నడిచిన బావమరిది 'ఎల్దూగాని' దగ్గర ఏకవచనంలోకి దిగాడు. మధ్యాహ్నం నుంచీ కుదరని చుట్టరికం ఇక్కడ కుదిరింది.

తాత్పర్యం: టికెట్టు రద్దు చేసుకో.

ఫలశ్రుతి: ఈ మాట నమ్మినవాడికి తెల్లారి పనసాకు పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి. వంతెన సంగతి ఎత్తినవాడికి కారుదాకా సాగనంపడం, అదీ 'అండి'తో.