సంయుక్త నిషేధాధికారి గారికి ఒక విన్నపం

ఆంధ్రప్రదేశ్ జలాశయాల సంయుక్త నిషేధాధికారి గారికి సూళ్లూరుపేట నుంచి ఒక పన్ను చెల్లింపుదారుడు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

విషయం: కండలేరు జలాశయం ఒడ్డున గుడారం వేసుకుని ఒక రాత్రి పడుకోవడానికి అనుమతి గురించి.

అయ్యా,

తమరి పేరుతో సచివాలయంలో పోస్టు ఏదీ లేదని నాకు తెలుసు. ఉండి ఉంటే ఈ విన్నపాన్ని కవరులో పెట్టి, రిజిస్టరు పోస్టు చేసి, రసీదు దాచుకునేవాణ్ణి. సంగతేమిటంటే, పెద్ద జలాశయం ఏది తీసుకున్నా కట్టా తూములూ నీళ్లూ జలవనరుల శాఖవి. అవతల కొండవాలు మొదలైతే అటవీ శాఖది. ఒడ్డున పడవ తిప్పాలన్నా బల్ల వేయాలన్నా పర్యాటక శాఖ కావాలి. చేపలకు మత్స్యశాఖ, మిగిలిన భూమికి రెవెన్యూ. వీరిలో ఎవరికి వారు ఒంటరిగానే ‘వద్దు’ అనగలరు. ‘సరే’ అనాలంటే మాత్రం అందరూ ఒకచోట కూర్చోవాలి. కూర్చోరు కాబట్టి, వారందరి తరఫున ఎవరో ఒకరు శాశ్వతంగా ‘వద్దు’ అంటున్నట్టే లెక్క. ఆ ఎవరో ఒకరికి పేరు పెట్టి రాస్తున్నాను. నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. మనుషులు కట్టుకున్న జలాశయం ఒడ్డున మనుషులు ఒక రాత్రి బస చేసే చోటు ఉండాలి, ఆ చోటుకు జవాబు చెప్పే యజమాని ఒక్కడే ఉండాలి.

మా ప్రాంతంలో నీటి ఒడ్డున వినోదం అనగానే ఎవరైనా చెప్పేది ఫ్లెమింగో ఫెస్టివల్. 2001లో మొదలైంది, 2020 తర్వాత ఆగింది, 2025 జనవరి 18 నుంచి 20 వరకు మళ్లీ జరిగింది. పండగ మీద నాకు కోపం లేదు. బడిపిల్లలు బస్సుల్లో వచ్చి గూడబాతును టెలిస్కోపులో చూసి వెళితే మంచిదే. కానీ ఆ జనాన్ని మనం ఏ నీటి దగ్గరికి పిలుస్తున్నామో చూడండి. పులికాట్ ఉప్పునీటి సరస్సు, లోతు తక్కువ, ఎండలు ముదిరితే చాలామేర నేల తేలుతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకు రెండు పక్కలా ఫ్లెమింగోలు ఆ కాస్త నీళ్లలోనే ముక్కు తలకిందులుగా పెట్టి బురద వడపోసుకుంటూ మేస్తాయి. ఒక కారు ఆగి తలుపు దబ్బున వేస్తే దగ్గరున్న గుంపు మేత సగంలో వదిలి లేచిపోతుంది. నేలపట్టు ఇంకా సున్నితం. దొరవారిసత్రం మండలంలోని ఆ చెరువులో నీళ్లలో నిలిచి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కడతాయి. రెట్టలతో ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. ఆ రెట్టలు కలిసిన నీరే కిందికి పారి పొలాలకు ఎరువవుతుంది. 1976లో ప్రభుత్వం దాన్ని అభయారణ్యం చేసింది గానీ, పక్షుల జోలికి ఎవరినీ పోనివ్వకుండా కాపాడిన పేరు మాత్రం ఊరివాళ్లదే. అటువంటి చోట పగలు జనాన్ని నడిపించి చూపించడం వరకు సరే. రాత్రి గుడారాలు, లైట్లు, పాటలు అక్కడ ఎంతమాత్రం కుదరవు. ఈ ఒక్క విషయంలో తమరి నిషేధానికి రెండు చేతులా నమస్కారం.

అయితే రాత్రి బయట గడపాలన్న కోరిక నిషేధంతో పోయేది కాదు. చెన్నై నుంచి మా ఊరికి లోకల్ రైలు ఉంది, జాతీయ రహదారి ఉంది. అక్కడి కుర్రకారు సెలవు దొరికితే ఉబ్బలమడుగు జలపాతానికి, నాగలాపురం కొండలకు వస్తూనే ఉన్నారు. ఇటు తిరుపతి, నెల్లూరు పిల్లలకు గండికోటలో పెన్నా లోయ అంచున గుడారం వేసుకోవచ్చని ఫోన్లు చెబుతున్నాయి. ఈ ఒత్తిడిని అడవి వాగుల మీదకో పక్షుల చెరువుల మీదకో తోయకుండా తట్టుకోగల నీళ్లు మనకున్నాయి. నాయుడుపేట, వెంకటగిరి దాటి రాపూరు వైపు పోతే కండలేరు. 1983 ఏప్రిల్‌లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాలు కుదుర్చుకున్న ఒప్పందంతో ముందుకు కదిలిన తెలుగుగంగ పథకంలో చెన్నై దాహానికి కట్టుకున్న కొండంత తొట్టి అది. సోమశిల నుంచి నీళ్లు అందుకుని 68 టీఎంసీలు పట్టే జలాశయం, పది కిలోమీటర్ల పైచిలుకు మట్టికట్ట. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మార్చినప్పుడు ఫైళ్లు కదిలాయి గానీ ఆ జలాశయం కదల్లేదు. ఇప్పటికీ మాకు అందుబాటులో ఉన్న మహా జలరాశి అదే.

ఈ రెండు రకాల నీళ్లకు తేడా నేను కల్పించింది కాదు. కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలే ఆ గీత గీశాయి. తాగునీటి కోసం, సాగునీటి కోసం, వినోదం కోసం ప్రత్యేకంగా నిర్మించిన జలాశయాలు ఆ నిబంధనల కిందికి రావు. అంటే పులికాట్‌ను ఒక రకంగా, కండలేరును మరో రకంగా చూడమని చట్టమే చెబుతోంది. ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచను. ఆ నిబంధనలు వర్తించవంటే అవి ఇచ్చే రక్షణ కూడా ఉండదు. అక్కడ ఏం చేయవచ్చు, ఏం చేయరాదు అన్నది యజమాని రాసుకున్న షరతుల మీదే ఆధారపడుతుంది. ఆ యజమాని ఎవరో తేలకపోవడమే మన అసలు జబ్బు.

ఇక అభ్యంతరాలు. మొదటిది, అన్నిటికంటే బరువైనది, తాగునీరు. చెన్నై తాగే నీళ్ల పక్కన జనం పడుకుంటే ఎలా అంటారు. తిరుపతికి కూడా తెలుగుగంగ నీళ్లే వెళతాయి కాబట్టి ఈ ప్రశ్న పొరుగు రాష్ట్రానిది మాత్రమే కాదు. నిజమే, ఆలోచించాల్సిందే. కానీ కండలేరులో వదిలిన నీరు రాష్ట్ర సరిహద్దు చేరేలోపు 152 కిలోమీటర్లు తెరిచిన కాలువలో, ఊళ్ల పక్కగా, పొలాల పక్కగా పారి, తమిళనాడులోని పూండి జలాశయం చేరి, ఆ తర్వాత శుద్ధి అయి కుళాయిలోకి వెళుతుంది. అంత దూరంలో దిగే గేదెలకు ఏ శాఖా అనుమతి ఇవ్వలేదు, ఏ శాఖా కాదనలేకపోయింది. అలాంటప్పుడు అడుగు పూర్తిగా మూసిన ట్యాంకు ఉన్న మరుగుదొడ్డితో, నీటి అంచుకు దూరంగా వేసిన నలభై గుడారాలను చూసి కంగారు పడడం దేనికి? అమెరికాలో హూవర్ డ్యామ్ వెనక ఉన్న లేక్ మీడ్ సంగతి చూడండి. లాస్ వేగస్ నగరం తాగే నీటిలో సుమారు 90 శాతం అక్కడిదే. అదే ఒడ్డున జనం గుడారాలు వేసుకుంటారు, పడవలు తిప్పుతారు. 1936లోనే ఆనకట్ట పని నీటిపారుదల సంస్థ చేతిలో ఉంచి, ఒడ్డు పని జాతీయ ఉద్యానాల సంస్థకు అప్పగిస్తూ రెండూ ఒప్పందం రాసుకున్నాయి. ఎవరి పరిధి ఎక్కడితో ఆగుతుందో కాగితం మీద ఉంది. దీనికి ఎదురు ఉదాహరణ మన దేశంలోనే ఉంది, పుణె దగ్గరి పవనా జలాశయం. అదీ పింప్రి-చించ్‌వాడ్‌కు తాగునీరిచ్చేదే. ఒడ్డున ఎవరి పొలంలో వాళ్లు గుడారాలు వేసి అద్దెకిస్తున్నారు, రాత్రుళ్లు డీజే మోత, తెల్లారితే సీసాలు అన్న ఫిర్యాదులు అక్కడ మామూలే. పవనాను చూపించి ‘చూశారా, అందుకే వద్దన్నాం’ అంటారేమో. నాకు కనిపించేది వేరు. కోరిక ఉన్న చోట గుడారాలు ఎలాగూ వస్తాయి, పద్ధతి ముందు రాకపోతే డీజే ముందు వస్తుంది.

రెండో అభ్యంతరం భద్రత. ఆనకట్ట కీలక కట్టడం, జనాన్ని రానివ్వకూడదు అంటారు. ఈ మాట సూళ్లూరుపేటలో చెబితే నవ్వుతారు సార్. మా ఊరి అవతల దేశం రాకెట్లు ఎగరేసే షార్ ఉంది. దానికంటే కీలకమైన కట్టడం ఈ చుట్టుపక్కల లేదు. అటువంటి షార్ 2019లో వేలమంది కూర్చుని ప్రయోగం చూసేలా గ్యాలరీ కట్టి, ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకుని, గేటు దగ్గర గుర్తింపు కార్డులు చూసి జనాన్ని లోపలికి పిలిచింది. ప్రయోగ వేదిక దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు, కొన్ని కిలోమీటర్ల దూరంలో కూర్చోబెట్టింది. కండలేరుకు కావాల్సింది అదే. 2021 ఆనకట్టల భద్రత చట్టం ప్రకారం కట్ట బాధ్యత దాని యజమానిది కాబట్టి కట్ట, స్పిల్‌వే, తూములు, గేట్లు పూర్తిగా జలవనరుల శాఖ అధీనంలోనే, కంచె లోపలే ఉండాలి. గుడారాల చోటు వాటికి కనుచూపు దూరంలో ఉన్నా అడుగు దూరంలో ఉండకూడదు.

మూడోది ప్రాణాలు. ఇక్కడ వెటకారానికి చోటు లేదు. 2017 నవంబరులో విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో పడవ మునిగింది, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మరో పడవ దాదాపు యాభై మందిని తీసుకుపోయింది. అందుకే నేను పడవలు అడగడం లేదు. గుడారం ఒడ్డునే ఉంటుంది. అయినా ఒడ్డు కూడా అమాయకమైనది కాదు. జలాశయం చెరువులా ఒకే మట్టాన ఉండదు. చెన్నైకి వదిలేకొద్దీ, సాగుకు తీసేకొద్దీ నీరు వెనక్కి జరుగుతుంది, నిన్న నీళ్లున్న చోట ఇవాళ నేల కనబడుతుంది. పైన ఎండి నెర్రెలు విచ్చిన పెచ్చు, దాని కింద మోకాలి లోతు ఒండ్రు. పచ్చిక చిగురు కూడా వచ్చి ఉంటుంది కాబట్టి చూసినవాడు గట్టినేల అనుకుంటాడు. అడుగు వేస్తే చెప్పు లోపలే ఉండిపోతుంది, ఇంకో నాలుగడుగులు వేస్తే మనిషే దిగబడతాడు. నీరు మళ్లీ పైకి వచ్చేటప్పుడు కథ ఇంకోలా ఉంటుంది, సాయంత్రం అంచుకు దూరంగా వేసిన గుడారం దగ్గరికి వానాకాలంలో నీరే నడిచి వస్తుంది. కాబట్టి చోటు ఎప్పుడూ పూర్తి నీటిమట్టానికి పైన, శాశ్వతంగా గుర్తు పెట్టిన మెరకలో ఉండాలి. అక్కణ్ణుంచి అంచు దాకా దిగే దారి ఒక్కటే ఉండాలి, ఈత అసలు ఉండకూడదు. ‘ప్రమాదం’ అని ఒక బోర్డు పాతి వెళ్లిపోయిన చోట ఈ ఒండ్రు సంగతి చెప్పే మనిషి ఉండడు. అనుమతి ఉన్న చోట కాపలాదారు ఉంటాడు, తాడు ఉంటుంది, ట్యూబు ఉంటుంది, రాత్రి ఎంతమంది ఉన్నారో రాసిన పుస్తకం ఉంటుంది. మునిగిపోయేవాళ్లలో ఎంతోమంది ఎవరికీ చెప్పకుండా దిగినవాళ్లే అన్న సంగతి ఏ పోలీస్ స్టేషన్‌లో అడిగినా చెబుతారు.

చెత్త, మద్యం, అడవి జంతువులు అనే మిగతా మూడింటికీ జవాబు మన జిల్లాలోనే ఉంది. తిరుమల కొండెక్కే ముందు అలిపిరిలో సంచులు తెరిచి చూస్తారు, నిషేధించిన వస్తువు ఉంటే అక్కడే ఆపుతారు. దర్శనానికి రోజుకు ఇన్ని అని కోటా పెట్టి ఆన్‌లైన్‌లో ఇస్తారు, దొరకనివాళ్లు విసుక్కుంటారే తప్ప కోటా తప్పని ఎవరూ అనరు. 2023 ఆగస్టులో నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయింది. అంత ఘోరం జరిగినా దారిని శాశ్వతంగా మూసేయలేదు. పిల్లలతో వచ్చేవాళ్లకు వేళలు పెట్టారు, గుంపులుగా పంపారు, కాపలా పెంచారు. లక్షల మందికి సాధ్యమైన క్రమశిక్షణ నలభై గుడారాలకు అసాధ్యమంటే నమ్మడం కష్టం.

నలభై గుడారాలతో ఏం ఆదాయం, అంతకంటే రిసార్టు కడదాం అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చారు గనుక ఆ మాటకు బలం కూడా దొరుకుతుంది. వద్దని నా మనవి. రిసార్టుకు రోడ్డు, ఏసీ, జనరేటరు, ఈతకొలను కావాలి. నీటి అంచున ఉండి ఈతకొలను తవ్వుకునే తెలివి మనకే సొంతం. పైగా ఒకసారి కాంక్రీటు పోశాక అది తప్పని తేలినా తీయలేం, గుడారం అయితే పొద్దున్నే మడిచేయవచ్చు. గది అద్దె కట్టలేని డిగ్రీ విద్యార్థులు, ఇద్దరు పిల్లలున్న టీచరు దంపతులు రావాలంటే కావాల్సింది చదును చేసిన నేల, కుళాయి, మరుగుదొడ్లు, నేల మీద మంట పెట్టకుండా వంటకు ఒక షెడ్డు, రాత్రి పది తర్వాత నిశ్శబ్దం. వంట, కాపలా, శుభ్రం చేసే పని ఆ జలాశయంలో చేపలు పట్టుకుని బతికేవాళ్లకు, దాని కింద ఊళ్లూ పొలాలూ పోగొట్టుకున్న కుటుంబాల వాళ్లకు ముందు దక్కాలి. గుడారం రుసుము కూడా ఆ ఒడ్డు ఖాతాలోనే పడాలి. ఖజానాలో కలిస్తే మరుగుదొడ్డి తలుపు విరిగినప్పుడు మళ్లీ ఐదు శాఖల ఫైలు తిరుగుతుంది.

తమరికి ఇదంతా ఒక్కసారిగా ఒప్పుకోవడం కష్టమైతే చిన్నగా మొదలుపెట్టండి. ఈసారి ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజుల్లో ఒక్క రాత్రిని కండలేరుకు కేటాయించండి. అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గిపోయి ఉంటాయి, చలి కూడా తట్టుకోగలిగేదే. నలభై గుడారాలు, మైకు లేదు, వేదిక లేదు, ముఖ్య అతిథి లేడు. ఆ రాత్రికి ఒడ్డు బాధ్యత ఏదో ఒక్క శాఖకు, పేరు రాసి అప్పగించండి. తెల్లవారాక చెత్త ఎన్ని కిలోలు పోగైందో తూకం వేయించండి, అంచున నీటిని ముందు రోజుదీ మర్నాటిదీ తీసి పరీక్షకు పంపండి, రాపూరు పోలీసులకు ఎన్ని ఫోన్లు వచ్చాయో అడగండి. ఆ లెక్కలు పత్రికల్లో వేయించి, మిగతా సంవత్సరం సంగతి వాటిని చూసి తేల్చండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
సూళ్లూరుపేట.

నకలు: నీటి వాటాదారు హోదాలో చెన్నై మెట్రో వాటర్ వారికి, సమాచార నిమిత్తం.