ఫంక్షన్ పరిగెత్తాలంటే జిట్ పెట్టండి

డేటాబేస్‌లో మీరే రాసుకున్న ఫంక్షన్ నత్తనడక నడుస్తోందా? కారణం వెతకడం జూనియర్ల పని. మీరు నేరుగా జిట్ కంపైలేషన్‌కి వెళ్లిపోండి. పోస్ట్‌గ్రెస్‌లో అది 2018లో 11వ వెర్షన్‌తో వచ్చింది, మరుసటి ఏడాది 12లో డిఫాల్ట్‌గానే ఆన్ అయింది. వాళ్లే ఆన్ చేసి ఇచ్చాక ఇక మనం ఆలోచించేదేముంది?

పీఎల్/పీజీఎస్‌క్యూఎల్‌లో రాసిన ఇఫ్‌లనూ లూపులనూ జిట్ వెనకున్న కంపైలర్ ఎల్‌ఎల్‌వీఎం ముట్టుకోదని, వాటిని ఎప్పట్లాగే ఇంటర్‌ప్రెటరే నడుపుతుందని టీమ్‌లో ఒకరు నసుగుతారు. క్వెరీలోని షరతులు, లెక్కలు, వరుసలోంచి కాలమ్స్ విడదీసే పని, జిట్ మార్చేది ఇంతేనట. నిజమే. అయినా మీటింగ్‌లో ‘ఎల్‌ఎల్‌వీఎం వాడుతున్నాం’ అంటే వచ్చే దర్జా వేరు.

ఆ ఫంక్షన్ ఒక్క లైను లెక్కే అయితే దాన్ని లాంగ్వేజ్ ఎస్‌క్యూఎల్‌లో మాత్రం రాయకండి. ప్లానర్ దాన్ని విప్పి క్వెరీలోనే కలిపేసుకోగలదు. అప్పుడు కంపైల్ గొడవ లేకుండానే వేగం వచ్చేస్తే మీ ప్రాజెక్టు ఏం కావాలి?

తర్వాత జిట్_అబవ్_కాస్ట్ అనే సెట్టింగు. క్వెరీ అంచనా ఖర్చు లక్ష దాటితేనే జిట్ మొదలవుతుంది. ఈ పిసినారితనం మనకెందుకు, సున్నా చేయండి. ఇన్‌లైన్, ఆప్టిమైజ్ హద్దులు ఐదేసి లక్షలు, వాటినీ సున్నా చేయండి. ఇక ప్రైమరీ కీతో ఒక్క వరుస తెచ్చే క్వెరీకి కూడా ముందు కంపైల్, తర్వాతే పని. పైగా ఆ కోడ్‌ను పోస్ట్‌గ్రెస్ దాచుకోదు, అదే క్వెరీ మళ్లీ వస్తే మళ్లీ కంపైల్ చేస్తుంది. దోసెకో కొత్త పెనం కొన్నట్టు. టేబుల్‌కి వందలకొద్దీ పార్టిషన్లుంటే ఇంకా రంజుగా ఉంటుంది.

సెట్టింగులు మార్చనివ్వరా? ఫంక్షన్ కాస్ట్ ఉందిగా. డిఫాల్ట్ వందను పది లక్షలు చేయండి. ప్లానర్ దాన్ని 0.0025తో గుణిస్తుంది, అంటే పిలుపుకు 2,500. వరుసకోసారి పిలిస్తే నలభై వరుసలకే లక్ష దాటేస్తాం.

ఒరాకిల్ వాళ్లు పీఎల్‌ఎస్‌క్యూఎల్_కోడ్_టైప్‌ను నేటివ్ చేసుకోండి. ఫంక్షన్ నిండా సెలెక్టులే ఉన్నా సరే.

ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అడుగున ‘జిట్’ అని ఓ చిన్న ముక్క కనిపిస్తుంది. కోడ్ తయారీకి ఎంత, ఇన్‌లైనింగ్‌కి ఎంత, ఆప్టిమైజేషన్‌కి ఎంత పట్టిందో మిల్లీసెకన్లలో ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు దాన్ని కత్తిరించండి. ఒక్క సెషన్‌లో జిట్ ఆఫ్ చేసి అదే క్వెరీ నడిపి చూద్దామని ఎవరైనా అంటే, ఈ వారం ప్రొడక్షన్ ఫ్రీజ్ అని చెప్పండి.