చూడకుండా చేరడం ఎలా?
(ఇంజినీరింగ్ కాలేజీ ఎంచుకునేవారికి తిరుగులేని చిట్కాలు)

ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది గానీ, ర్యాంకు వచ్చిన సాయంత్రం ఇంటింటా జరిగే సభ మాత్రం మారలేదు. అందరూ మాట్లాడతారు, చదవాల్సినవాడు వింటాడు. ఈమధ్య కొందరు పిల్లలు మాత్రం ఈ సభా మర్యాద తప్పి, ‘అక్కడ పాఠాలు ఎలా చెబుతారు? ఆ వాతావరణంలో నేను ఉండగలనా?’ అని ప్రశ్నలు వేస్తున్నారు. ఈ జబ్బు ముదరకముందే మందు పడాలి. వెబ్ ఆప్షన్ల గడువు ముగిసేలోగా ఈ కింది చిట్కాలు పాటిస్తే, నాలుగేళ్లు ఎక్కడ గడపబోతున్నారో మీకు బొత్తిగా తెలియకుండానే సీటు ఖాయమవుతుంది.

1. బ్రాంచిని వీధికి వదిలేయండి

మీ వీధిలో అందరూ సీఎస్‌ఈ అంటే మీరూ సీఎస్‌ఈ. అది అందకపోతే దానికి తోక తగిలించింది ఏదైనా సరే: ఏఐఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ. సిలబస్ కాలేజీ వెబ్‌సైట్లోనే ఉంటుంది. పొరపాటున కూడా తెరవకండి. రెండు బ్రాంచిల సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే, పేర్లలో ఉన్నంత తేడా సబ్జెక్టుల్లో లేదని తెలిసిపోయే ప్రమాదం ఉంది. మీకు అసలు ఆ సబ్జెక్టులు నచ్చుతాయా అన్న అనుమానం దానికి తోడవుతుంది.

సెక్షన్లు ఎన్ని, వాటికి చెప్పేవాళ్లు ఎంతమంది అని కూడా అడగవద్దు. బాగా నడుస్తున్న కాలేజీలకు ఒక్కో బ్రాంచిలో సీట్ల మీద ఉన్న పరిమితిని 2024-25 నుంచి ఏఐసీటీఈ ఎత్తేసింది. సీట్లు పెరిగినంత వేగంగా లెక్చరర్లు దొరుకుతారా అన్నది కాలేజీ యాజమాన్యం తలనొప్పి. 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్న నిబంధన కాగితం మీద భద్రంగానే ఉంది. మీరెందుకు కంగారుపడటం?

2. హోర్డింగును నమ్మండి, పీడీఎఫ్‌ను నమ్మకండి

ఫ్లైఓవర్ పక్కన హోర్డింగు మీద సూటు వేసుకున్న అబ్బాయి, వాడి కింద ‘44 లక్షలు’ అని ఉందనుకోండి. అంతే, లెక్క తేలిపోయింది. ఆ బ్యాచ్‌లో 600 మంది ఉంటే మిగతా 599 మంది ఏమయ్యారని అడగడం అసూయ కిందికి వస్తుంది. ‘ఆఫర్లు 900’ అని రాసి ఉంటే మరీ మంచిది. ఒకే అమ్మాయికి మూడు కంపెనీలు ఆఫర్ ఇస్తే మూడు ఆఫర్లే కదా! ఎంతమందికి వచ్చాయని విడిగా అడగకండి.

మీ నమ్మకాన్ని చెడగొట్టే సరంజామా ఒకటుంది, దానికి దూరంగా ఉండండి. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు తమ వివరాలు సమర్పిస్తాయి. చేరినవాళ్లు ఎందరు, గడువులోగా డిగ్రీ పూర్తి చేసినవాళ్లు ఎందరు, ఉద్యోగాలు వచ్చినవాళ్లు ఎందరు, పైచదువులకు వెళ్లినవాళ్లు ఎందరు అన్నీ ఆ వివరాల పీడీఎఫ్‌లో ఉంటాయి. జీతం దగ్గర అందరికన్నా ఎక్కువ ఎవరికొచ్చిందో రాయరు. ఉద్యోగం వచ్చినవాళ్లందరినీ జీతం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడికి ఎంత వచ్చిందో రాస్తారు. ఆ మధ్యవాడు ఎలాగూ సూటు వేసుకోడు. హోర్డింగు ఎక్కని మనిషి మాట మనకెందుకు?

3. అక్షరాలు లెక్కపెట్టండి, చదవకండి

గేటు మీద న్యాక్, ఎన్‌బీఏ, అటానమస్, డీమ్డ్ అన్న మాటలు ఎన్ని ఎక్కువుంటే కాలేజీ అంత గొప్పది. న్యాక్ గుర్తింపు మొత్తం సంస్థకు ఇస్తారని, ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం ఒక్కో బ్రాంచికి విడివిడిగా ఇస్తారని ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోండి. లేదంటే గుర్తింపు సివిల్‌కు వచ్చిందా, మీరు చేరబోయే కోర్సుకు వచ్చిందా అని ఆరా తీయాల్సి వస్తుంది. ఆ గుర్తింపులకు గడువు కూడా ఉంటుంది గానీ, తేదీ చూసి కొనడానికి ఇది పాల ప్యాకెట్టా?

ఇక ‘యూనివర్సిటీ’ అన్న బోర్డు కనబడితే మారు మాట్లాడకుండా దండం పెట్టండి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ తన వెబ్‌సైట్లోనే పెడుతుంది. చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. అందుకే ఎవరూ చూడరు.

4. వెళ్తే ఫెస్ట్ నాడే వెళ్లండి

క్యాంపస్ చూడాలని మరీ పట్టుబడితే పండగ రోజు చూసుకోండి. ఫ్లెక్సీలు, డీజే, తలపాగా చుట్టుకున్న ప్రిన్సిపాల్, మీ నాన్నగారికి కొబ్బరి బొండం. పీఆర్వో గారు మిమ్మల్ని ఏసీ సెమినార్ హాలు, అద్దాల మెయిన్ బ్లాకు, స్విమ్మింగ్ పూలు వరసగా చూపిస్తారు. ఆయన చూపించనిది అడగడం మర్యాద కాదు.

మామూలు మంగళవారం పదకొండింటికి మాత్రం వెళ్లవద్దు. ఆ వేళకు చాలా గుట్లు బయటపడతాయి. టైమ్‌టేబుల్లో ‘డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్’ అని ఉన్న గంటలో ల్యాబ్ తలుపుకి తాళం ఉండొచ్చు. లేదా లోపల పిల్లలు పాత రికార్డులు చూసి కొత్త రికార్డులు రాస్తుండొచ్చు. లేదా లెక్చరర్ ఒక అబ్బాయి పక్కన కూర్చుని, వాడి ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిందో ఓపిగ్గా వెతుకుతుండొచ్చు. ఏది కనబడినా మీకే నష్టం. మొదటి రెండూ కనబడితే మనసు విరుగుతుంది. మూడోది కనబడితే, ఎవరూ హోర్డింగు కట్టని ఆ కాలేజీయే కావాలనిపిస్తుంది. అప్పుడు బంధువులకు ఏం సమాధానం చెబుతారు?

గేటు బయట టీ కొట్టు దగ్గర థర్డ్ ఇయర్ పిల్లలు కనబడితే ‘కాలేజీ బాగుందా అన్నా?’ అన్న ఒక్క ప్రశ్నతో ఆపండి. ‘సూపర్’ అంటారు, తృప్తిగా తిరిగి రండి. అంతేగాని, ‘నిన్న ఎన్ని క్లాసులు జరిగాయి?’, ‘సెమిస్టర్ మధ్యలో సార్లు ఎంతమంది మారారు?’, ‘తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్ ఎలా గట్టెక్కారు?’, ‘మేజర్ ప్రాజెక్టు మీరే చేశారా, అమీర్‌పేటలో కొన్నారా?’ అని అడగవద్దు. ఇలాంటి ప్రశ్నలకు ‘సూపర్’ అన్న జవాబు అతకదు.

5. క్యాంపస్ లైఫ్‌ను సినిమాలో చూసి నిర్ణయించుకోండి

2007లో శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’ తీశాక ఇంజినీరింగ్ అంటే ఎలా ఉండాలో మనకు స్థిరపడిపోయింది. 75 శాతం హాజరు లేని హీరో మెడికల్ సర్టిఫికెట్ పట్టుకుని కండోనేషన్ ఫీజు కట్టే పాట ఏ సినిమాలోనూ చూడలేదు కాబట్టి, ఆ నిబంధన మీకు వర్తించదు.

బస్సు గురించి ఆలోచించడం మరీ చిన్నతనం. ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మేడ్చల్ వైపు కాలేజీల్లో చదువుతూ హైదరాబాద్ అవతలి కొసన ఉండేవాడికి రోజు ఎలా గడుస్తుందో లెక్కవేయకండి. పొద్దున్నే బస్సు ఎక్కాలి, క్లాసులు అయిన వెంటనే అదే బస్సు పట్టుకోవాలి. కోడింగ్ క్లబ్బు, నాటకాల బృందం, వాలీబాల్ కోర్టు అన్నీ బ్రోచర్లో నిజంగానే ఉంటాయి. అవి మొదలయ్యేసరికి మీ బస్సు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉంటుంది.

హాస్టల్లో చేరేవాళ్లు మెస్ మెనూ కాగితం చూస్తే చాలు, ఒక పూట తిని చూడనక్కర్లేదు. అమ్మాయిలైతే ఒక లెక్క అస్సలు వేయకూడదు: లైబ్రరీ ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది, లేడీస్ హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు? ఆ రెండు సమయాలనూ పక్కపక్కన పెడితే, ఆ లైబ్రరీ ఎవరి కోసం కట్టారో తెలిసిపోతుంది. ర్యాగింగ్ మీద 1997లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది, 2009లో యూజీసీ నిబంధనలు పెట్టింది. ర్యాగింగ్ నిరోధక కమిటీలో ఎవరున్నారు, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి అన్నది గోడమీద ఉందో లేదో చూడకండి. గోడలు అందంగా ఉంటే చాలు.

6. డబ్బు ముందు, ఆలోచన తర్వాత

కౌన్సెలింగ్ పూర్తయ్యేదాకా ఆగేవాళ్లు అమాయకులు. 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో ర్యాంకు ప్రకారం ఉన్నా, నిరుటి ఆఖరి ర్యాంకులు ఎవరైనా చూసుకునేలా ఉన్నా, ‘మేనేజ్‌మెంట్ కోటాలో ఒకే ఒక్క సీటు మిగిలింది’ అని ఫోన్ రాగానే పరిగెత్తండి. ఆ ఒక్క సీటు ఏటా ఎంతమందికి మిగులుతుందో అడగవద్దు. రసీదు అడిగి వాళ్లను నొప్పించవద్దు. ట్యూషన్ ఫీజు ఒక్కటే చూసుకోండి. బస్సు, హాస్టల్, పరీక్షలు, ప్లేస్‌మెంట్ శిక్షణ అంటూ వచ్చేవి చేరాక ఒక్కొక్కటే పరిచయమైతేనే బాగుంటుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇచ్చేయండి. వాటిని కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ ఎప్పుడో చెప్పింది. అయినా ఇస్తేనే లాభం, మనసు మారినా కాలు కదలదు.

7. మీకేం ఇష్టమో కనిపెట్టకండి

ఈ విషయంలో మీ పని సగం ఇప్పటికే పూర్తయింది. ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ క్యాంపస్‌లో తెల్లవారకముందు స్టడీ అవర్‌తో మొదలై, అర్ధరాత్రి దగ్గర పడ్డాక ముగిసే రోజులు గడిపారు. పదిమందిలో కూర్చుంటే చదువు ఎక్కుతుందా, ఒంటరిగానా? పాఠం వింటే అర్థమవుతుందా, చేతులతో చేస్తేనా? ఊరికి దూరంగా ఉండగలరా? ఇవి తెలుసుకునే తీరిక మీకు ఎవరూ ఇవ్వలేదు. ‘ఈ కాలేజీ నాకు సరిపోతుందా?’ అన్న ప్రశ్నలో ‘నాకు’ దగ్గరే మీరు ఆగిపోతారు. కాబట్టి ఆ ‘నాకు’ను వదిలేసి, ‘ఈ కాలేజీకి నా ర్యాంకు సరిపోతుందా?’ అని అడగండి. దానికి జవాబు కంప్యూటరే ఇస్తుంది.

8. చేరాక

రెండో ఏడాదికి ఏదో వెలితిగా అనిపిస్తే అది మీ బద్ధకమే అనుకోండి. బ్యాక్‌లాగులు మిగిలితే ఇంట్లో చెప్పకండి. ఎవరైనా ఇంటర్ కుర్రాడు టీ కొట్టు దగ్గర ఆపి ‘కాలేజీ బాగుందా అన్నా?’ అని అడిగితే, ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా ‘సూపర్’ అనండి. బాగాలేదంటే ‘మరి నువ్వెందుకు చేరావు?’ అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు ఈ చిట్కాల్లో ఎక్కడా లేదు.