సర్వరోగ నివారిణి ప్లగ్గు

కారు కుదుపుతో నడిచినా, పికప్ తగ్గినా, మైలేజీ పడిపోయినా మెకానిక్ షెడ్డులో వెలువడే తీర్పు ఒక్కటే: ‘ప్లగ్గులు పోయాయి.’ బానెట్టు ఎత్తకముందే రోగం తేల్చేసే ఈ దివ్యదృష్టి పాపం మన వైద్యులకు ఇంకా అబ్బలేదు.

స్పార్క్ ప్లగ్గు అనగా పెట్రోలు ఇంజనులో సిలిండరు నెత్తిన బిగించి ఉండే పింగాణీ ఒంటి చిన్న పరికరం. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను ఇగ్నిషన్ కాయిలు వేల వోల్టులకు పెంచి పంపగా, దాని కొసన మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే సందులో నిప్పురవ్వ దూకి పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని అంటిస్తుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే ఒక్కో ప్లగ్గు 1,500 సార్లు ఈ చాకిరీ చేస్తుంది కనుక అది అరగడం సహజమే, తయారీదారు చెప్పిన గడువుకు మార్చవలసిందే. ఆ మాటలో పేచీ లేదు. పేచీ అంతా విప్పిన ప్లగ్గు ముఖమైనా చూడకుండా పారవేసే ఆచారంతోనే.

మంట మండే చోట తల పెట్టి కూర్చుని వచ్చిన ప్రత్యక్షసాక్షి ఆ పాత ప్లగ్గు. దాని కొసనున్న పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే లోపల అంతా క్షేమమని, పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువై గాలి చాలడం లేదని, తెల్లగా మాడి పొక్కులు లేస్తే వేడి మితిమీరిందని అర్థం. జిడ్డుగా నూనె తడి కనబడితే పిస్టన్ రింగులో వాల్వు సీళ్ళో అరిగి ఇంజన్ ఆయిలు సిలిండరులోకి దిగుతున్నదన్నమాట. ఇంత వాంగ్మూలం ఇవ్వగల సాక్షిని నోరు విప్పకముందే చెత్తడబ్బాలో వేసి, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు కొత్త ప్లగ్గు బిగిస్తే, అసలు దోషులైన రింగులు దర్జాగా లోపలే ఉంటాయి, కొత్తది కూడా కొన్నాళ్ళకే నూనె పూసుకుని మళ్ళీ ముద్దాయి అవుతుంది.

పొదుపరుల శాఖ ఇంకొకటి ఉంది. వారు ప్లగ్గును గరుకు కాగితంతో తోమి, అంట్ల గిన్నెలా మెరిపించి తిరిగి పెడతారు. వెంట్రుకను తలపించే ఇరీడియం కొస ఆ తోముడుకు ఏమైపోయినా, మెరుపు మాత్రం కంటికి ఇంపుగా ఉంటుంది. ఆపై చేత్తో మర ఎక్కించి, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో ముగించవలసిన పనిని కండబలంతో కానిచ్చేస్తారు. అల్యూమినియం హెడ్డులో మర చెడితే రిపేరు ఖర్చు ముందు ప్లగ్గు వెల ఏ మూలకు?

కారు యజమానులు చేయగలిగింది కొంత ఉంది: పాత ప్లగ్గులను ఏది ఏ సిలిండరుదో చెప్పించుకుని, వరుసగా పెట్టించి చూడాలి. డీజిలు కారు బిల్లులో స్పార్క్ ప్లగ్గుల వెల కనబడితే మాత్రం ఆ శ్రమ కూడా అక్కరలేదు. డీజిలు ఇంజనుకు స్పార్క్ ప్లగ్గే ఉండదు.