పల్లవి దాటని బాబాయి

మా బాబాయి ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విడిచి, నేరుగా హాలు మధ్యకి నడిచి, ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడతాడు. చెవి ఒగ్గి విని, "టంగుమంటోంది" అని పెదవి విరుస్తాడు. కుశలప్రశ్నలు ఆ తర్వాతే. ఎదురెదురు గోడలు బోసిగా, నున్నగా ఉంటే చప్పుడు వాటి మధ్య బంతిలా కొట్టుకుని అలా మోగుతుందట. నా పెళ్ళిచూపుల్లోనూ ఇదే పని చేశాడు. పెద్దాయన చప్పట్లు కొట్టాడంటే సంబంధం ఖాయమైందనుకుని ఆడపెళ్ళివారూ కొట్టారు. అప్పటికి పిల్ల ఇంకా కాఫీ పట్టుకుని రానేలేదు.

ఈ శబ్దపిచ్చి జాతిని గుర్తుపట్టడం తేలిక. రిటైరై పీఎఫ్ డబ్బు చేతికందగానే కొందరు కాశీ వెళతారు, కొందరు అమెరికాలో మనవల దగ్గరకి వెళతారు. వీళ్ళు స్పీకర్లు కొంటారు. ఆ స్పీకర్లకి రెండు ధరలు. ఇంటావిడకి చెప్పేది అసలుకన్నా తక్కువ, సాటి పిచ్చివాళ్ళకి చెప్పేది ఎక్కువ. అసలు ధర కొట్టువాడికీ దేవుడికీ తెలుసు.

కూకట్‌పల్లిలో బాబాయిది మూడో అంతస్తు. అబ్బాయి డాలస్ వెళ్ళగానే వాడి గది శ్రవణమందిరం అయింది. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు. వాస్తు దివ్యంగా ఉందని మురిసి కొన్న గది. శబ్దానికి మాత్రం నలుపలకల గదిని మించిన దరిద్రం లేదు. 12 అడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర బేస్ కదలకుండా తిష్ఠ వేసి గుమ్మంటుంది. పొడవూ వెడల్పూ ఒకటే కాబట్టి ఆ గుమ్ము రెట్టింపు. పైగా అది గోడవారన పోగై, నట్టనడుమ మాయమవుతుంది. బాబాయి మొదట కుర్చీ వేసుకున్నది నట్టనడుమే. లక్షలు పోసి కొన్న బేస్ ఆయనకి వినపడలేదు. గోడకవతల పోపు పెడుతున్న పిన్నికి వినపడింది. "ఏమండీ, గిన్నెలు అదురుతున్నాయి" అంది. బాబాయికి ఒళ్ళు మండిపోయింది, ఈర్ష్యతో.

ఇక్కడ ఆయన ఇష్టదైవాన్ని పరిచయం చేయాలి. పేరు వాలెస్ సేబిన్. 1895లో హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మేష్టారు అన్న మాట అయిదున్నర సెకన్లు గాలిలో వేలాడేది. ఈలోగా మరో పది మాటలు దాని నెత్తిన పడేవి. ఆ రోగం కుదర్చమని కుర్ర అధ్యాపకుడైన సేబిన్‌కి అప్పజెప్పారు. ఆయన రాత్రిళ్ళు ఊరు సద్దుమణిగాక శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి పరిచి, ఆర్గన్ గొట్టం మోగించి, శబ్దం ఎంతసేపటికి చస్తుందో గడియారం పెట్టి కొలిచి, తెల్లారేలోగా మెత్తలన్నీ తిరిగి చేరవేసేవాడు. "శాస్త్రం పరుపుల్లోంచి పుట్టిందిరా!" అంటాడు బాబాయి, గొంతు గద్గదమై. అందుకే పోయిన సంక్రాంతికి పరుపులన్నీ ఆ గది గోడలకి ఆనుకుని నిలబడ్డాయి, చుట్టాలం చాపల మీద పడుకున్నాం.

పక్కగోడల మీద శబ్దం పీల్చే పలకలు ఎక్కడ కొట్టాలో తేల్చడానికి అద్దం కావాలి. ఒకరు కుర్చీలో కూర్చోవాలి, ఇంకొకరు గోడవెంట అద్దం జరుపుకుంటూ పోవాలి. కూర్చున్నవాడికి అద్దంలో స్పీకరు కనపడ్డ చోటే శబ్దం గోడకి తగిలి చెవికి చేరుతుందన్నమాట. అద్దం పిన్ని చేతిలో. "ఇంకాస్త ఇటు... ఆగు... ఆఁ, కనపడింది!" ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో తనవైపు అంత ఆత్రంగా చూడటం అదే మొదలని, తీరా ఆయన చూసింది స్పీకర్నని పిన్ని మా అమ్మకి ఫోన్ చేసి చెప్పుకుంది. పలకలు వచ్చేదాకా ఆ చోట మా పెద్దమావయ్యని కూర్చోబెట్టాడు. మనిషి ఒళ్ళూ బట్టలూ శబ్దాన్ని బాగానే పీలుస్తాయి. మావయ్య 98 కిలోలు. "కదలకు బావా, ఇప్పుడే గొంతు విచ్చుకుంది" అనేవాడు.

కొత్త స్పీకర్లు రెండొందల గంటలు మోగితేగాని నోరు తిరగవని ఎవరో చెప్పారు. దంపతులు తిరుపతి వెళుతూ పింక్ నాయిస్ పెట్టి గదికి తాళం వేశారు. అది వింటే జోరువానలా ఉంటుంది. కింది ఫ్లాటువాళ్ళు కుళాయి వదిలేశారనుకున్నారు. వాచ్‌మన్ వీళ్ళ నీళ్ళ వాల్వు కట్టేశాడు. అయినా ధార ఆగకపోయేసరికి మొత్తం బ్లాకుదే కట్టేశాడు. దర్శనం క్యూలో ఉన్న బాబాయికి పద్నాలుగు ఫోన్లు.

గది విషయంలో నేనాయనకి దణ్ణం పెడతాను. మూలల్లో బేస్‌ని మింగే రాక్‌వూల్ 'బేస్ ట్రాపులు' నిలబెట్టి, కుర్చీని వెనకగోడకి నాలుగున్నర అడుగులకి జరిపాక మృదంగం మీద వేలు పడ్డ చోటు కూడా తెలిసింది. తీగల దగ్గరే మాకు పేచీ. ఇంటి వైరింగుకి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి మూడు మీటర్లు రానూపోనూ కలిపినా నిరోధం ఓమ్‌లో ఇరవయ్యో వంతు ఉండదు. స్పీకరుది 8 ఓమ్‌లు. ఈయన పాములావు తీగ తెప్పించి, నేల తగిలితే మైలపడుతుందని బోర్లించిన జాడీల మీద నడిపించాడు. ఆ యేడు మాకు ఆవకాయ రాలేదు.

ఇంతా చేసి వినేది ఘంటసాలని. 'మాయాబజార్' 1957 నాటిది, మోనో. రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం. "మరి రెండెందుకు?" అన్నాడు మావయ్య. "రెండూ సరిగ్గా కుదిరితే గొంతు మధ్యలో నిలబడుతుంది బావా" అన్నాడు బాబాయి. నిలబడింది కూడా. గోడ ముందు, గాలిలో, మనిషి ఉన్నట్టే. నా చేతుల మీద రోమాలు లేచాయి. చరణం అందుకోబోతుండగా బాబాయి పాట ఆపి, టేపు పెట్టి కొలిచి, ఎడమ స్పీకరు అరంగుళం జరిపాడు. మళ్ళీ మొదటినుంచి. నాలుగేళ్ళుగా ఆ గదిలో ఏ పాటా పల్లవి దాటలేదు.

మొన్న వేసవిలో కోనసీమలో మా పాత ఇంటికి వెళ్ళాం. ధాన్యం గదిలో అలవాటుగా చప్పట్లు కొట్టాడు. కిమ్మనలేదు. మళ్ళీ కొట్టాడు. నేల నుంచి వాసాల దాకా గోనె బస్తాలు. తాతయ్య రేడియో ఆ గదిలోనే ఉండేది. "మూలమూలకీ బేస్ ట్రాపులే!" అన్నాడు గుడ్లప్పగించి. "బస్తా ట్రాపులా?" అంది పిన్ని. ఆవిడకి సరిగ్గానే వినపడింది.

అంచేత, పాత ధాన్యం నాలుగు బస్తాలు మూడో అంతస్తు దాకా మోయించి ఇవ్వగలవాళ్ళు ఎవరైనా మీ ఎరికలో ఉంటే కబురు చెయ్యండి. వడ్లు ఏ రకమైనా ఫరవాలేదు, గోనెలు మాత్రం జనపనారవే కావాలి. ఖరీదు ఎంతైనా, పిన్ని అడిగితే కాస్త తగ్గించి చెప్పండి.