డల్లాస్ పట్టాదారు

చిలకలూరిపేట దాటి మార్టూరు వైపు వెళ్తూ ఎక్కడైనా బండి ఆపి, గట్టు మీద కూర్చున్న మనిషిని ‘ఈ చేను ఎవరిదయ్యా?’ అని అడగండి. ‘డల్లాస్ వాళ్లది’ అంటాడు. పక్క చేను? ‘న్యూజెర్సీ.’ ఆ కాలవ అవతలి పత్తి? ‘అది మెల్‌బోర్న్ అమ్మాయిగారిదండీ, పసుపు కుంకుమ కింద ఇచ్చారు.’ మరి నువ్వెవరు? ‘నేనా? నేను ఊరికే దున్నుతానండీ.’

సాగర్ కుడి కాలవ నీళ్లు టెక్సాస్ దాకా పారుతున్న సంగతి నీటిపారుదల శాఖ ఇంకా కనిపెట్టలేదు.

ఈ డల్లాస్ పట్టాదారు ఒక్కడు కాడు, ఊరూరా ఉన్నాడు. కులం మారొచ్చు, జెండా మారొచ్చు, కథ ఒకటే. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసి, పురుగుకి పని చెయ్యని మందు గుంటూరు, ప్రకాశం రైతుల ప్రాణాల మీద బ్రహ్మాండంగా పని చేసిన ఏడాది, వాళ్ల నాన్న ‘నా కొడుకు ఈ మట్టి ముట్టుకోకూడదు’ అని ఒట్టు పెట్టుకున్నాడు. కొడుకు ఆ మాట జవదాటలేదు. ఇంటరు, ఎంసెట్, ఇంజినీరింగు, మాస్టర్స్, హెచ్-1బీ. ముట్టుకోని మట్టి మీద ఏటా డబ్బు తీసుకునే విద్య మాత్రం ఏ కాలేజీలో చెప్పారో తెలియదు.

కొత్తగా పొలం కొనాలంటే ఆయనకు ఫెమా అడ్డు. ప్రవాసి వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు అంటుంది ఆ చట్టం. రాసినవాళ్లకి మన అత్తగార్ల సత్తా తెలిసినట్టు లేదు. డల్లాస్‌లో బోనస్ పడిన నెలలోనే ఇక్కడ అత్తగారికి హఠాత్తుగా మిర్చి సాగు మీద మక్కువ పుడుతుంది. రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేసి వచ్చి, ఏ సర్వే నంబరు కొన్నదో ఆవిడ మళ్లీ మనవణ్ణి అడిగి తెలుసుకుంటుంది. అమ్మగారి పాసు పుస్తకం మీద బ్యాంకు 4 శాతానికే పంట రుణం ఇస్తుంది. ఆ సొమ్ము అంతకంటే ఎక్కువ వడ్డీకి అదే బ్యాంకులో డిపాజిట్టు అవుతుంది. పంట వేసే మనిషికి మాత్రం పంట రుణం రాదు, పుస్తకం ఆయనది కాదు కదా. ఆయన గుంటూరు కమిషన్ కొట్టులో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాడు. పంట వచ్చాక కాయ కూడా అదే కొట్టుకి తోలాలి. దీన్ని మన ఆర్థికవేత్తలు వ్యవసాయ పరపతి అంటారు. ఎవరి పరపతో వాళ్లు చెప్పరు.

ఇక కౌలు. ఇక్కడ మనవాడి లెక్క వింటే అమర్త్యసేన్ కూడా కాసేపు కూర్చుంటాడు. 2015లో ఎకరం 25 వేలకి ఇచ్చాడు. అప్పుడు డాలరు 64 రూపాయలు. 2025 చివరికొచ్చేసరికి డాలరు 90 దాటింది, కౌలు 35 వేలయింది. ‘పెంచారేంటి బాబూ’ అంటే, ‘పెంచడం ఏంటి బాబాయ్, అప్పుడూ 390 డాలర్లే, ఇప్పుడూ 390 డాలర్లే’ అన్నాడు. లెక్క తప్పు కాదు, కావాలంటే భాగించి చూసుకోండి. అమెరికా వడ్డీ రేటు మారి రూపాయి జారితే, దాని దెబ్బ యద్దనపూడి మండలంలో తేజ మిర్చి వేసుకున్న కౌలుదారు నెత్తిన పడుతుంది. ప్రపంచీకరణ మా దాకా రాలేదని ఎవరైనా అంటే నమ్మకండి.

పంట పండినా ఎండినా కౌలు మారదు. 2023లో క్వింటా 20 వేలు దాటిన కాయ, 2025 ఫిబ్రవరికి సగానికి పడింది. గుంటూరు యార్డులో రైతులు గోల పెట్టారు. ప్రతిపక్ష నాయకుడొచ్చి యార్డులో తిరిగి వెళ్లారు. కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు లెక్కగట్టి 2.43 లక్షల టన్నులకి మార్కెట్ జోక్యం అంది. ఎకరానికి 20 క్వింటాళ్లు పండాయనుకుంటే 2,35,620 రూపాయలు. పెట్టుబడి, కౌలు కలిపి రెండున్నర లక్షలు దాటిందని రైతు మొత్తుకుంటున్నాడు. అంటే ధర వచ్చినట్టే, రైతే పోయినట్టు. ఆ వారం డల్లాస్ నుంచి కూడా స్పందన వచ్చింది. వాట్సాప్‌లో రైతు ఫోటో, కింద రెండు కన్నీటి బొమ్మలు. కౌలు విషయంలో మాత్రం ఏ బొమ్మా రాలేదు.

అయితే రైతు అంటే ఆయనకు ప్రేమ లేదనుకుంటే పొరపాటు. ఎంత ప్రేమంటే, 2015లో ‘నా ఇటుక, నా అమరావతి’ అని ప్రభుత్వం పది రూపాయల ఇటుకలు ఆన్‌లైన్‌లో పెడితే, తన పేరునా భార్య పేరునా పుట్టబోయే బిడ్డ పేరునా కొన్నాడు. 2018లో ప్రవాసాంధ్రుల కోసమని ‘ఏ’ ఆకారంలో టవరుకి శంకుస్థాపన చేస్తే, అక్షరం బాగుందని ఫ్లాటు అడిగాడు. 2019 డిసెంబర్ 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వినపడగానే ఆయన గుండె మూడు ముక్కలయింది, ఫ్లాటు ధర ముక్కలు అదనం. వాళ్ల పెదనాన్న కొడుకు ఇంకో జెండా మనిషి. 2019 ఆగస్టులో జగన్ డల్లాస్ వస్తే కన్వెన్షన్ సెంటర్ బయట డప్పు కొట్టిన ఘనుడు. ఆయనకి మాత్రం అదే డిసెంబర్‌లో విశాఖ మీద కొత్త ప్రేమ మొదలైంది. అన్నదమ్ములిద్దరికీ థాంక్స్‌గివింగ్ విందులో మాటల్లేవు. ఊళ్లో మాత్రం ఇద్దరి పొలాలూ ఒకే కౌలుదారు చేస్తాడు. ఆయనకి ఇద్దరితోనూ మాటలున్నాయి, ఉండక తప్పదు.

2021 నవంబర్ ఒకటిన రాజధాని రైతులు న్యాయస్థానం నుంచి దేవస్థానానికి అని తుళ్లూరు నుంచి తిరుపతికి నడక మొదలుపెట్టారు. భూములిచ్చి మోసపోయామన్న బాధ వాళ్లది, అందులో అబద్ధం లేదు. 29 గ్రామాల్లో 30 వేల ఎకరాలకు పైగా రాసిచ్చి, అయిదేళ్లకోసారి ప్రభుత్వం మారితే మారిపోయే బతుకు ఎవరికీ వద్దు. డల్లాస్ మనవాడు దారి పొడుగునా అన్నాలకి, మజ్జిగకి డాలర్లు పంపాడు. ఆడవాళ్లు చెప్పుల్లేకుండా నడుస్తుంటే వీడియో కాల్‌లో ఏడ్చాడు కూడా. సరిగ్గా అదే నెలలో, వాళ్లు నడిచి వెళ్లిన అవే మండలాల్లో, మిర్చి పూతలోకి నల్ల తామర పురుగు దిగింది. పూత రాలింది, కాయ లేదు, కొన్నిచోట్ల చేలు దున్నేశారు. మనవాడి ఎనిమిదెకరాల్లో కూడా. నడిచే రైతుకి మజ్జిగ పోసిన చెయ్యి, దున్నేసిన రైతుని మాత్రం కౌలు బాకీ ఎప్పుడిస్తావని అడిగింది. నడిచే రైతు టీవీలో కనపడతాడు, అదొక సౌకర్యం.

2024 ఎన్నికల ముచ్చట చెప్పుకోకపోతే పాపం. ఆంధ్రప్రదేశ్‌లో విదేశీ ఓటర్లుగా ఫారం 6ఏ పెట్టి నమోదైనవాళ్లు 7,927 మంది. మే 13న వచ్చి ఓటేసినవాళ్లు 195 మంది. ఇదేంటి, శంషాబాద్‌లో విమానాలన్నీ మనవాళ్లతోనే నిండాయి కదా, వాళ్లెవరు? వాళ్లు మన ఊరి జాబితాలోనే ‘సాధారణ నివాసులు’. పదిహేనేళ్లుగా ఊళ్లో నివసించకపోవడమనే అసాధారణ పనిని సాధారణంగా చేస్తున్నవాళ్లు. పౌరసత్వం మార్చుకున్న పెద్దలకి ఓటు లేదు, పార్టీకి చందా ఇవ్వడానికీ చట్టం ఒప్పదు. వాళ్లకి మళ్లీ అత్తగారే దిక్కు. ఈ రాష్ట్ర ప్రజాస్వామ్యానికి ఆవిడ చేసిన సేవ మీద ఎవరైనా పరిశోధన చెయ్యాలి.

అదే ఎన్నికల్లో బుర్రిపాలెంలో పుట్టి అమెరికాలో డాక్టరుగా పని చేసి, పరీక్షల శిక్షణ వ్యాపారంలో గడించిన పెమ్మసాని చంద్రశేఖర్ 5,700 కోట్ల పైచిలుకు కుటుంబ ఆస్తి అఫిడవిట్‌లో చూపించి గుంటూరు ఎంపీగా గెలిచారు, కేంద్రంలో సహాయ మంత్రి అయ్యారు. ఆయన సంగతి ఆయనది, దాచకుండా చూపించారు, జనం ఓటేశారు. కానీ ఆ దెబ్బకి అట్లాంటిక్ అవతల ఎంతమందికి జ్వరం పట్టుకుందో! పార్కింగ్ లాట్‌లో కారు రివర్స్ చేస్తూ కూడా చెయ్యి ఊపుతున్నారు. తెలుగు సంఘం ఒకటి చాలదని తానా తర్వాత ఆటా, నాట్స్, నాటా వచ్చాయి. ఇంకా రావాలి. అధ్యక్షులు ఎక్కువైపోయారు, సంఘాలు తక్కువైపోయాయి.

మనవాడు మాత్రం విమానం ఎక్కి వచ్చింది పదవి కోసం కాదు, భయంతో. భూ యాజమాన్య హక్కు చట్టం వచ్చింది, నీ పొలం పోతుంది అని వాట్సాప్‌లో చదివాడు. పాసు పుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ చూసి మరీ కుంగిపోయాడు. నాన్న చెమటోడ్చిన భూమి మీద ఎవడి బొమ్మ ఏంటి అన్నాడు. న్యాయమైన మాటే. జూన్ 13న చంద్రబాబు బాధ్యతలు తీసుకుంటూ రెండో సంతకం ఆ చట్టం రద్దు మీద పెడితే, డల్లాస్‌లో కేకు కోశారు. ఒక్క సంతకం ఎంత పని చేస్తుందో ఆ రోజు ఆయనకి అర్థమైంది.

ఆ జ్ఞానం నిలిచినట్టు లేదు. ఎందుకంటే కౌలుదారు ఆయన్ని ఎప్పటినుంచో ఒక్క సంతకం అడుగుతున్నాడు. 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం, మనవాళ్ల నోట్లో ‘సీసీఆర్సీ కార్డు’, కావాలంటే భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పదకొండు నెలల కార్డు. పంట మీద హక్కే తప్ప భూమి మీద కాదని చట్టమే చెబుతుంది. ఆ కాగితం ఉంటే బ్యాంకు గుమ్మం ఎక్కొచ్చు, పంట పోతే పరిహారం అడగొచ్చు. 2025 ఆగస్టు 2న దర్శి దగ్గర వీరాయపాలెంలో ముఖ్యమంత్రి అన్నదాత సుఖీభవ మొదలుపెట్టి మొదటి విడత 7,000 వేస్తున్నప్పుడు, ఆ కాగితం లేని అన్నదాత టీవీలో చూసి సుఖపడ్డాడు.

‘అట్టా ఫోనులోనే ఒప్పుకున్నానని చెప్పండి బాబుగారూ, వీఆర్వోగారు అడుగుతున్నాడు.’

‘బాబాయ్, మీరు మా ఇంటి మనుషులు. మన మధ్య కాగితాలేంటి?’

‘మరి కౌలుకి ప్రాంసరీ నోటు రాయించుకున్నారుగా?’

‘అది ఫార్మాలిటీ బాబాయ్. సంతకమంటే లాయరు వద్దంటున్నాడు. ఇక్కడ ఎఫ్‌బార్ అనీ, ట్యాక్స్ అనీ నా తలనొప్పులు నీకు తెలియవు.’

నిజమే, తెలియవు. విదేశీ ఖాతాల్లో పదివేల డాలర్లు దాటితే అమెరికాకి చెప్పుకోవాల్సిన కష్టం మామూలు కష్టమా? మన పీఎం కిసాన్ రాని మనిషికి అదెట్లా అర్థమవుతుంది?

ఇంతలో పీ4 పథకం వచ్చింది. సంపన్నులు పేదల్ని దత్తత తీసుకోవాలి. ఇచ్చేవాడు మార్గదర్శి, పుచ్చుకునేవాడు బంగారు కుటుంబం. మనవాడు పరవశించిపోయాడు. పేరు నమోదు చేసుకున్నాడు. జాబితాలో తమ ఊరు వెతికాడు. దేవుడి లీల చూడండి, ఆయన దత్తత తీసుకున్న బంగారు కుటుంబం ఆయన కౌలుదారుదే. ఎనిమిదెకరాల కౌలు 2,80,000 తీసుకున్న ఖాతాలోంచే 20 వేలు పిల్ల ఫీజుకి పంపాడు. శాలువా కప్పి ఫోటో తీసే పని బావగారు చూసుకున్నారు. 14 పైసలకి ఒక పైస వెనక్కిస్తే మార్గదర్శి. మిగతా 13 పైసల సంగతి ఏ పథకంలోనూ లేదు.

2025 సెప్టెంబర్ 19న ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తుకి లక్ష డాలర్లన్నాడు. పాత వీసాలకి వర్తించదని మర్నాడు చెప్పేదాకా మనవాడు నిద్రపోలేదు. ఇరవై ఏళ్లు ఇక్కడ పని చేశాం, పన్నులు కట్టాం, ఇల్లు కట్టుకున్నాం, ఏ హక్కూ లేదా, కంపెనీవాడు ఒక్క కాగితం మీద సంతకం పెట్టకపోతే మా బతుకు వీధిన పడాలా అని ఊరికి ఫోన్ చేసి గొంతు చించుకున్నాడు. అమ్మ ఏడుస్తుంటే ఫోను కౌలుదారు అందుకున్నాడు.

‘కంపెనీ ఆయన సంతకం పెట్టకపోతే ఏమవుద్ది బాబుగారూ?’

‘ఏమవుద్దేంటి బాబాయ్! ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దేశం వదిలి పోవాలి.’

‘అరవై రోజులు ఇస్తారా! మొన్న ఎండాకాలం పైన మూడెకరాలు వేరేవాళ్లకిచ్చినప్పుడు మీ బావగారు నాకు పొద్దుటి దాకానే టైమిచ్చాడు బాబూ.’